గోడ మీద ఎవరి బొమ్మ?

వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా భావనపాడులో బోట్లు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ, లేదంటే వాదించుకుంటూ పొద్దుపుచ్చుతారు. అలాంటి ఒక సాయంత్రం హార్బరు దగ్గర టీ బడ్డీలో కూర్చున్నాం. పోర్టు గురించి రాద్దామని వెళ్లాం. ఆ రోజు అక్కడ పోర్టు మాట ఎవరికీ పట్టలేదు. వాలీబాల్ కోర్టు పక్కన కుర్రాళ్లు ఒక గోడకి సున్నం కొట్టి ఉంచారు. దాని మీద శ్రీకాకుళానికి పేరు తెచ్చిన ఆటగాడి బొమ్మ వేయించాలి. ఒకటే బొమ్మ. రెండో బొమ్మకి చందా చాల్లేదు. ఆ ఒక్క ముఖం ఎవరిది? అదీ తగువు.

కోడి రామ్మూర్తి నాయుడని పెద్దవాళ్లు. కరణం మల్లీశ్వరి అని కుర్రాళ్లు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకరు విజయనగరం విజ్జీ పేరెత్తితే అందరూ నవ్వేశారు. చేపల గంప దించుకుని పక్కనే కూర్చున్న ఒక పెద్దమ్మ, "బరువులెత్తితే పతకాలిత్తారని మాకెవులూ సెప్పనేదు, నలబయ్యేళ్లనుంచీ ఎత్తుతున్నాం" అంది. ఆ మాటతో మల్లీశ్వరి పక్షం కాస్త బలపడింది.

అప్పుడు ఒకాయన మా వైపు తిరిగి, "సాయిబుగారికేటి, అజారుద్దీనే గదా!" అన్నాడు.

చెడ్డ మనిషి కాదు. ఆ నవ్వులో విషం లేదు. మాకు టీ చెప్పింది కూడా ఆయనే. అయినా మేం ఆ మాట దగ్గర ఆగిపోయాం. అక్కడున్న ప్రతివాడూ తన జిల్లా జాబితాలోంచి తనకి నచ్చిన మనిషిని ఎంచుకుంటున్నాడు. మాకు మాత్రం జాబితా వేరే ఊరి నుంచి వచ్చింది. అందులో ఒక్కటే పేరుంది. మేం ఎంచుకోకముందే దాని మీద టిక్కు పెట్టి ఉంది.

అజారుద్దీన్ అంటే మాకు ఇష్టం లేదా? ఎందుకు లేదు! 1984-85లో ఇంగ్లండు మీద ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు సెంచరీలు కొట్టిన మనిషి. 99 టెస్టులు, 22 సెంచరీలు. ఆ మణికట్టు తిప్పడం చూసి సందుల్లో బ్యాటు తిప్పని కుర్రాడు మా తరంలో లేడు, ఏ మతం వాడైనా. కాని మా ఇష్టానికీ వాళ్ల ఇష్టానికీ లెక్క ఒకటి కాదు. 1996 మార్చి 9న బెంగుళూరులో భారత్, పాకిస్తాన్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ ఆడాయి. భారత జట్టు కెప్టెన్ అజారుద్దీన్. ఆ తర్వాత బడిలో మమ్మల్ని అడిగిన ప్రశ్న: "మొన్న నువ్వెవరి వైపు?" కెప్టెనే మనవాడు గదా అంటే అదొక తెలివైన తప్పించుకోలు కింద జమకట్టారు. 2000లో క్రికెట్ బోర్డు అతని మీద జీవితకాల నిషేధం వేసింది. "మీవోడు మ్యాచ్‌లు అమ్ముకున్నాడు" అన్నారు. సెంచరీలు కొట్టినప్పుడు దేశం వాడు, నిషేధం పడ్డప్పుడు మావాడు. అదే రోజుల్లో అజయ్ శర్మకీ జీవితకాల నిషేధమే పడింది. ఆయన్ని ఏ వీధికీ ఏ కులానికీ ఎవరూ అప్పజెప్పలేదు. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అజార్ మీద నిషేధం చెల్లదని చెప్పింది. ఆ కబురు మాకు చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇక్కడొక మాట. ఈ తీరంలో పాకిస్తాన్ అనే మాటకి ఇప్పుడు వేరే బరువుంది. 2018 చివర్లో గుజరాత్ వైపు వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడి కరాచీ జైల్లో ఉన్నారు. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. అందుకని ఈ ఒడ్డున ఆ దేశం పేరు క్రికెట్ స్కోరుగా కన్నా ముందు ఇంటికి రాని మనిషిగా గుర్తొస్తుంది. టీ బడ్డీలో ఆ సాయంత్రం మమ్మల్ని ఎవరూ ఆ పాత ప్రశ్న అడగలేదు. అడిగింది కొత్త ప్రశ్న. దానికి జవాబు అప్పటికప్పుడు మా దగ్గర లేదు. ఇంటికొచ్చాక ఆలోచించుకుని ఇది రాస్తున్నాం.

ముందు ఆ గోడ కోసం నిలబడ్డ వాళ్లని చూద్దాం.

రామ్మూర్తి నాయుడిది వీరఘట్టం. 1880ల మొదట్లో పుట్టాడు. విజయనగరంలో తాలింఖానాలో సాము చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య చదివి, తిరిగొచ్చి విజయనగరం బడిలో పిల్లలకి కసరత్తు నేర్పాడు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టాడు. ఛాతీకి గొలుసు చుట్టి, ఊపిరి బిగబట్టి తెంపేవాడు. ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకునేవాడు. కదులుతున్న మోటారు కార్లని తాళ్లతో పట్టి ఆపేవాడు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. అదంతా పరాయి దొర ఈ దేశం మనిషిని బక్కవాడని, పిరికివాడని రాస్తున్న కాలం. టిక్కెట్టు కొనుక్కుని గుడారంలో కూర్చున్న జనానికి ఆ తెగిన గొలుసు ఇంకేదో గొలుసులా కనబడి ఉంటుంది. అతను 1942 జనవరిలో పోయాడు. గొలుసు పూర్తిగా తెగడానికి ఇంకో అయిదేళ్లుంది. శ్రీకాకుళంలో స్టేడియానికి అతని పేరుంది. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది.

మల్లీశ్వరి కథ మన కళ్ల ముందరిది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగింది. అక్కచెల్లెళ్లూ బరువులెత్తినవాళ్లే. పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న దగ్గర సాధన మొదలుపెట్టింది. 1994లోనూ 1995లోనూ ప్రపంచ చాంపియన్. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమే. ఆ ఏడు దేశం మొత్తానికి దక్కిన పతకం ఆ ఒక్కటే. అది ఆమదాలవలస రైల్వేస్టేషను అవతలి పల్లె నుంచి వచ్చింది.

విజ్జీ సంగతి తొందరగా ముగించవచ్చు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. మాంచెస్టరు టెస్టులో ముస్తాక్ అలీ, విజయ్ మర్చంట్ కలిసి మొదటి వికెట్టుకి 203 పరుగులు చేశారు. ముస్తాక్ అలీ 112 కొట్టాడు. విదేశంలో భారతీయుడు కొట్టిన మొదటి టెస్టు సెంచరీ అది. మర్చంట్‌ని రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని కెప్టెన్ ఆశపెట్టాడనీ, ముస్తాక్ అలీ ఆ మాట మర్చంట్ చెవిన వేసి ఇద్దరూ నవ్వుకుని ఆడారనీ అంటారు. ఈ కథ మాకిష్టం. బొమ్మ వేస్తే కెప్టెన్‌ది కాదు, వికెట్ల మధ్య పరిగెడుతున్న ఆ ఇద్దరిదీ వేయాలి. కాని వాళ్లలో ఒకరు ఇండోరు, ఒకరు బొంబాయి. భావనపాడు గోడ మీదకి రారు.

సరే, రామ్మూర్తి శ్రీకాకుళం జిల్లా మనిషేనా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ గీసినప్పుడు వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. అతను సాము నేర్చిన విజయనగరం 1979లోనే వేరే జిల్లా అయింది. మల్లీశ్వరి పెళ్లయ్యాక హర్యానాలో స్థిరపడింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయింది. విజ్జీ బతుకు చాలావరకు కాశీలో గడిచింది. మనం 'మన' అనుకునే మనుషులందరి మీదా గీతలు కదులుతూనే ఉన్నాయి. భావనపాడు వాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి కాగితాల మీద భావనపాడు పోర్టు అన్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన నాటికి అది మూలపేట పోర్టు అయింది.

గీతలు ఇంత చులకనగా కదిలేటప్పుడు ఒక్క గీత మాత్రం ఎందుకు కదలదు? రామ్మూర్తి వేరే జిల్లావాడైనా మనవాడే. మల్లీశ్వరి హర్యానా కోడలైనా మన ఆడపిల్లే. మేం నాలుగు వందల ఏళ్లుగా ఈ ఊళ్లలో ఉన్నా మా ఆటగాడు హైదరాబాదులోనే పుట్టాలి!

నాలుగు వందల ఏళ్లన్నది మాటవరసకి అన్నది కాదు. శ్రీకాకుళం జామియా మసీదు కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. నిజాము చేతిలోంచి ఫ్రెంచివాళ్లకీ, తర్వాత ఇంగ్లీషువాళ్లకీ పోయిన ఉత్తర సర్కారుల్లో ఒకదాని పేరే సికాకోల్ సర్కారు. కాని నవాబులూ ఫౌజుదార్లూ మాకు తాతలేం కారు. మసీదు గోడ కట్టిన తాపీ మేస్త్రీ, ఇంటింటికీ తిరిగి దూది ఏకిన మనిషి, జట్కా తోలిన మనిషి, అత్తరు అమ్మిన మనిషి, వీళ్లు మా తాతలు. వాళ్లకి విగ్రహాలు లేవు. శ్రీకాకుళం చరిత్రలో వాళ్ల జాడ ఏదని వెతికితే రాతి మీద దొరకదు. మాటల్లో దొరుకుతుంది.

ఒక పని చేసి చూడండి. రామ్మూర్తి నాయుడి కథని ఈ మాటలు లేకుండా చెప్పండి: తాలింఖానా, కుస్తీ, కసరత్తు, పహిల్వాన్, వస్తాదు, లంగోటీ, సవాలు, మైదానం, శభాష్. చెప్పలేరు. మా కుర్రతనంలో మాస్టార్లు చెప్పిన కోడి రామ్మూర్తి పాఠంలోనూ ఈ మాటలే ఉన్నాయి. వాటిలో అరబ్బీ ఉంది, పార్సీ ఉంది. తెలుగులో సాము, మల్లుడు, జెట్టి అనే పాత మాటలు లేకపోలేదు. అవీ ఉన్నాయి, ఇవీ వచ్చి పక్కన కూర్చున్నాయి. గోదాలో మట్టి కలిపినట్టు కలిసిపోయాయి. పీర్ల పండగకి పీరు ముందు కర్రసాము చేసేవాడు ఏ మతం వాడని మన ఊళ్లలో ఎవరు అడిగారు? పీరు ఎత్తేవాడే చాలాచోట్ల హిందువు.

రెండు భాషలు చదివిన వాళ్లం కనక మాకు ఈ మాటల్లో ఇంకొకటి కనబడుతుంది. ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. సితారు నేర్పేవాడు, బట్టలు కుట్టడం నేర్పేవాడు, లారీ నడపడం నేర్పేవాడు, అందరూ ఉస్తాదులే. ఆ మాట తెలుగులోకి వచ్చి వస్తాదు అయింది. వస్తాదంటే మనకి కండలు తిరిగిన మనిషి. తెలుగులో కండ మిగిలింది, పాఠం పోయింది! తాలింఖానా కూడా అంతే. తాలీమ్ అంటే చదువు. తాలింఖానా అంటే చదువుల ఇల్లు, ఒక రకం బడి. మనం దాన్ని బస్కీలు తీసే చోటు కింద మార్చుకున్నాం. మా అబ్బా మమ్మల్ని ఉర్దూ నేర్చుకోమని మసీదుకి పంపేటప్పుడు "తాలీమ్‌కి వెళ్లు" అనేవాడు. పక్కింటి నేస్తం దండీలు తీయడానికి తాలింఖానాకి వెళ్లేవాడు. ఇద్దరం వెళ్లింది ఒకే మాటలోకని మాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

ఈ మాట దొరికాక ఆ సాయంత్రం తగువు మాకు వేరేగా కనబడింది. ఊరి చరిత్రకి గుర్తుగా ఎవరిని నిలబెట్టాలి అన్నప్పుడు మనం ఎప్పుడూ గెలిచినవాడి ముఖమే వెతుకుతాం. గెలిచినవాడు సహజంగానే ఊరు దాటి వెళ్లిపోతాడు, వెళ్లాలి కూడా. ఊళ్లో మిగిలేది నేర్పినవాడు. రామ్మూర్తి విజయనగరంలో ఉన్న రోజుల్లో బడి పిల్లలకి కసరత్తు నేర్పాడు. ఏనుగు మాత్రం పోస్టర్ల మీదికెక్కింది, బడి ఎక్కలేదు. మల్లీశ్వరి పేరు దేశమంతా తెలుసు. అప్పన్న పేరు ఆమదాలవలస దాటితే ఎందరికి తెలుసు?

హైదరాబాదు పేరు ఎలాగూ వచ్చింది కనక ఆ ఊరి జాబితానీ తిరగేద్దాం. అక్కడా ఇదే తగువు: అజారా, సానియానా, గోపీచందా, సైనానా, సింధూనా? పాతవాళ్లని అడిగితే జైసింహ అంటారు, గులాం అహ్మద్ అంటారు. ఇంకా పాతవాళ్లు ఎస్.ఎం. హాదీ అంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడి, 1934-35లో రంజీ ట్రోఫీ చరిత్రలోనే మొదటి సెంచరీ కొట్టిన మనిషి. ఏడు ఆటలు ఆడేవాడు గనక రెయిన్‌బో హాదీ అన్నారు. ఇన్ని రంగుల మనిషి ఉండగా మన వంతుకి ఒక్క అజార్‌నే ఎందుకు పంచుతారో మాకు బోధపడదు. సానియా మీర్జా ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచింది. ఒకపక్క ఆమె స్కర్టు పొడుగు కొలవడానికి మావాళ్లే కొందరు టేపులు పట్టుకొచ్చారు. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. ఇంకోపక్క 2014లో కొత్త తెలంగాణ ప్రభుత్వం ఆమెను ప్రచారకర్తగా ప్రకటిస్తే పాకిస్తాన్ కోడలన్నారు. పక్క రాష్ట్రానికి కోడలైతే మన ఆడపిల్ల, పక్క దేశానికి కోడలైతే కాదు.

ఆ జాబితాలో మా ఓటు రహీం సాబ్‌కి.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. బడి పంతులు. ఫుట్‌బాల్ నేర్పడం అతని రెండో ఉద్యోగం, అసలు ఉద్యోగం కూడా అదే. అతని చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకన్నా పైకి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. సికిందరాబాదులో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామూ ఉన్నాడు. రహీం సాబ్ కుర్రాడి కాళ్లు చూసేవాడు, ఇంటిపేరు చూడలేదు.

1962 జకార్తా. ఒంట్లో క్యాన్సర్. రాజకీయ కారణాలతో స్టేడియం మొత్తం భారత జట్టు మీద మండిపడుతోంది. ఫైనల్‌లో దక్షిణ కొరియా. డిఫెండరుగా ఆడే జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. అతన్ని ముందు వరసలో ఆడించాడు రహీం. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి స్వర్ణం మళ్లీ రాలేదు. 1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశాడు. దేశానికి ఆ పేరు మళ్లీ గుర్తుచేయడానికి 2024లో ఒక హిందీ సినిమా రావాల్సి వచ్చింది. అరవయ్యొక్క ఏళ్లు!

శ్రీకాకుళం వాడికి రహీం సాబ్‌తో ఏం పని అని అడగవచ్చు. 1956 నుంచి 2014 దాకా ఒకే రాష్ట్రం. ఆ లెక్కన మల్లీశ్వరి హైదరాబాదు వాళ్లకి ఎంత దగ్గరో రహీం మనకంత దగ్గర. ఇప్పుడు గీత కదిలింది. వీరఘట్టానికీ కదిలింది.

కొన్నాళ్లకి మళ్లీ భావనపాడు వెళ్లాం. గోడ ఇంకా ఖాళీగానే ఉంది. చందాలో సగం నెట్టు కొనడానికి ఖర్చయిందట. డ్రిల్లు మాస్టారు పిల్లల చేత బంతి కొట్టిస్తున్నారు. ఈయన పేరు ఏ జాబితాలోనూ ఉండదు. మేం పైన రాసిన సంగతులన్నీ ఆయనకి చెప్పాం. ఓపిగ్గా విన్నారు. విజ్జీ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. "కప్తానంటే కప్తానే గదండీ" అన్నారు. అజారుద్దీన్ మాటన్నాయన కూడా అక్కడే ఉన్నాడు. "అయితే మీరు మా రామ్మూర్తి వైపేనన్నమాట" అన్నాడు. "మా రామ్మూర్తి" అన్నాం మేం. ఆయన ఒక్క క్షణం మా ముఖంలోకి చూసి, "అదే, మన రామ్మూర్తి" అన్నాడు.

వస్తాదు అన్న మాట ఉర్దూలో ఎలా ఉంటుందో రాసి చూపమని పిల్లలు గోలచేశారు. బొగ్గు ముక్క ఇచ్చారు. ఆ తెల్లటి గోడ మీద, ఒక మూల, రాశాం. ఒక కుర్రాడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఎడమ నుంచి చదవబోయాడు. "అటు కాదు, ఇటు నుంచి" అని చెయ్యి పట్టి చూపించాం. రెండోసారికి సరిగ్గా తిప్పాడు. మాస్టారు విజిలేశారు. పిల్లలు నెట్టు దగ్గరకి పరిగెత్తారు.